టార్ బ్రౌజర్ ఎక్కించుకునే పద్ధతి, ఎక్కించాక దొరికిపోయే చోట్లు

కావలిలోనో కనిగిరిలోనో ఒకాయన హెచ్ఐవీ పరీక్ష గురించి చదవాలనుకుంటాడు. ఇంకో ఇంట్లో ఒకామెను అత్తింటివాళ్లు కొడుతున్నారు, చట్టం ఏమంటుందో చూడాలి. ఊరు చిన్నది. ఫోను ఇంట్లో నలుగురి చేతుల్లో తిరుగుతుంది, వైఫై పక్కవాటా వాళ్లది. ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే చాలని చాలామంది నమ్ముతారు. అది చేసేదల్లా ఆ ఫోనులో హిస్టరీ మిగలకుండా చూడటం. మీరు ఏ సైటుకు పోయిందీ నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది, మీ ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు, ఆ సైటుకు తెలుస్తూనే ఉంటుంది. మీ రాకపోకలను ఇంకో కంపెనీ సర్వర్ గుండా తిప్పే వీపీఎన్ పెట్టుకుంటే నెట్ కంపెనీకి కనపడదు గానీ, అదంతా వీపీఎన్ కంపెనీ గుప్పిట్లోకి పోతుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, వాళ్లకిచ్చిన ఐపీలు 5 ఏళ్లపాటు భద్రపరచాలి.

టార్ అంటే మీరెవరో, ఎక్కడికి పోతున్నారో విడదీసి దాచే నెట్‌వర్క్; అందులోకి తీసుకెళ్లేదే టార్ బ్రౌజర్. టార్‌లో ఏ ఒక్కరి చేతిలోనూ మొత్తం సంగతి ఉండదు. అదెలాగో ముందు అర్థమైతే, తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కందుకూరు నుంచి చెన్నైకి ఒక ఉత్తరం పంపాలనుకోండి. చెన్నై చిరునామా రాసిన ఉత్తరాన్ని గూడూరు చిరునామా ఉన్న కవర్లో పెట్టారు. ఆ కవర్ని నెల్లూరు కవర్లో, దాన్ని మళ్లీ కావలి కవర్లో పెట్టి అంటించారు. కావలి మనిషి పైకవరు చించితే లోపల నెల్లూరు చిరునామా కనిపిస్తుంది. ఉత్తరం కందుకూరు నుంచి వచ్చిందని అతనికి తెలుసు, చెన్నై పోతుందని తెలియదు. నెల్లూరు మనిషికి అటు కావలి, ఇటు గూడూరు తప్ప మరేమీ తెలియదు. గూడూరు మనిషికి చెన్నై చిరునామా కనిపిస్తుంది, పంపిందెవరో మాత్రం తెలియదు. ఈ ముగ్గురి స్థానంలో టార్ పెట్టేది మూడు కంప్యూటర్లను. వాటిని గార్డ్, మిడిల్, ఎగ్జిట్ రిలేలంటారు. ప్రపంచమంతటా స్వచ్ఛందంగా నడుపుతున్న కొన్ని వేల రిలేల్లోంచి మీ బ్రౌజరే మూడింటిని ఎంచుకుంటుంది. ఉల్లిపాయ పొరల్లా ఒకదానిమీద ఒకటి కవర్లు కాబట్టి ఆనియన్ రూటింగ్ అన్నారు. 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో మొదలైన ఆలోచన ఇది. 2006 నుంచి టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటోంది.

ఇందులోనే ఒక లోపం కూడా కనిపిస్తుంది. గూడూరు మనిషి చేతికొచ్చింది అంటించిన ఉత్తరం కాకుండా పోస్టుకార్డయితే అతను చదివేస్తాడు. మీకూ సైటుకూ మధ్య నడిచేది మరెవరూ చదవకుండా తాళం వేసేది హెచ్‌టీటీపీఎస్; అది లేని సైటు పోస్టుకార్డే. టార్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్-ఓన్లీ మోడ్ మొదటినుంచీ ఆన్‌లో ఉంటుంది. సైటు సురక్షితం కాదని హెచ్చరిక పేజీ వస్తే, దాన్ని దాటుకుని పోయి పాస్‌వర్డ్ మాత్రం కొట్టకండి.

టార్ వాడటమే నేరమని చెప్పే చట్టం మనకు లేదు. దాంతో చేసిన నేరం మాత్రం నేరమే.

ఎక్కడినుంచి దించుకోవాలి

టార్ ప్రాజెక్ట్ సొంత సైటు ఒక్కటే నమ్మదగిన చోటు. అడ్రసు: టార్‌ప్రాజెక్ట్, చుక్క, ఓ-ఆర్-జీ. సెర్చ్‌లో పైన కనపడే ప్రకటన లింకుల నుంచి, ఉచిత సాఫ్ట్‌వేర్ అడ్డాల నుంచి, స్నేహితుడి పెన్‌డ్రైవ్ నుంచి తీసుకోవద్దు. టార్ పేరుతో తిరిగే నకిలీల్లో మీ మీద నిఘా పెట్టేవే ఎక్కువ, దాక్కోవడానికి వచ్చినవాళ్లకే ఆ వల వేస్తారు. సైటు తెరుచుకోకపోతే "గెట్‌టార్" అనే పేరుకు టార్‌ప్రాజెక్ట్ డొమైన్ (పైన చెప్పిన సైటు అడ్రసు) @ గుర్తుతో కలిపి మెయిలు పెట్టండి. విండోస్‌కైతే విండోస్ అని ఒక్క మాట రాస్తే చాలు, దించుకునే లింకులు తిరుగు మెయిల్లో వస్తాయి.

విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లకు ఇప్పటి వెర్షన్ పనిచేస్తుంది. 2024లో వచ్చిన 14వ వెర్షన్‌తోనే విండోస్ 7, 8లకు దారి మూసుకుపోయింది. ఇంట్లో ఇంకా విండోస్ 7 నడుస్తుంటే దానిమీద టార్ కోసం తంటాలు పడకండి. ఆ విండోస్‌కే ఇప్పుడు భద్రతా మరమ్మతులు రావు, కింద పునాది లేనప్పుడు పైన గోడ కట్టి లాభం లేదు. అదే పాత మెషీన్లో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని దానిమీద టార్ పెట్టుకోండి.

ఫైలు దిగాక నొక్కేముందు ఒక్క నిమిషం ఆగండి. దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అందులో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉంటుంది, సంతకం చేసినవాళ్ల పేరు ది టార్ ప్రాజెక్ట్ అని ఉండాలి. పేరు నొక్కి డీటెయిల్స్‌లోకి వెళితే సంతకం సరిగా ఉందో లేదో విండోసే చెబుతుంది. ఆ ట్యాబే లేకపోతే ఫైలు తీసి పారేయండి.

ఇంకా గట్టిగా చూసుకోవాలనుకునేవాళ్లు సంతకాలు సరిచూసే జీపీజీ4విన్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోండి, దాంతోపాటు క్లియోపాత్రా అనే ప్రోగ్రాము వస్తుంది. డౌన్‌లోడ్ బటన్ కిందే సిగ్నేచర్ అనే చిన్న లింకు ఉంటుంది. ఆ ఫైలును కూడా దించి, ఇన్‌స్టాలర్ ఉన్న ఫోల్డర్లోనే పెట్టండి. క్లియోపాత్రాలో సర్వర్‌లో వెతికే బటన్ నొక్కి, "టార్‌బ్రౌజర్" అనే పేరుకు టార్‌ప్రాజెక్ట్ డొమైన్ కలిపిన మెయిల్ అడ్రసుతో, ఆ సంతకాన్ని సరిచూసే కీ తెచ్చుకోండి. ఆ కీని గుర్తుపట్టే వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్) 40 అక్షరాల పొడవుంటుంది, 93298290 తో ముగుస్తుంది. చివరి ఎనిమిదీ కలిశాయి కదా అని వదిలేయకండి, ఆ ఎనిమిది కలిసేలా దొంగ కీ తయారుచేయడం పెద్ద కష్టం కాదు. మొత్తం 40 అక్షరాలనూ టార్ ప్రాజెక్ట్ సైటులో ఇచ్చిన వాటితో పోల్చండి. కలిశాక సిగ్నేచర్ ఫైలును క్లియోపాత్రాతో తెరిచి సంతకం సరిచూడండి. ఈ కీని మీరు సర్టిఫై చేయలేదనే హెచ్చరిక వస్తే కంగారొద్దు, ఫైలు చెడిందని దాని అర్థం కాదు. సంతకమే చెల్లదని ఎర్రగా వస్తేనే ఫైలు చెరిపేయాలి.

ఇన్‌స్టాలర్ భాష అడుగుతుంది, తర్వాత చోటు అడుగుతుంది. అది చూపించే డెస్క్‌టాపే ఉంచండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెడితే అక్కడ రాసే అనుమతి లేక అప్‌డేట్లు ఆగిపోతాయి. ఇది మామూలు ప్రోగ్రాముల్లా కంప్యూటరంతా పాకదు, ఒక్క ఫోల్డర్లోనే ఉంటుంది. లినక్స్‌లో ఇన్‌స్టాలరే ఉండదు. దిగిన ఫైలును మీ హోమ్ ఫోల్డర్లో విప్పి, అందులోని స్టార్ట్-టార్-బ్రౌజర్ నడపడమే. రూట్‌గా, అంటే అడ్మిన్ అధికారంతో నడపకండి.

కనెక్ట్ అవ్వకపోతే

తెరవగానే ఊదారంగు తెర, దానిమీద కనెక్ట్ బటన్. మొదటిసారి అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. అయ్యాక అడ్రసు దగ్గర "చెక్, చుక్క, టార్‌ప్రాజెక్ట్, చుక్క, ఓ-ఆర్-జీ" కొట్టండి. ఈ బ్రౌజర్ టార్ ద్వారానే వెళుతోందని అభినందిస్తూ ఒక పేజీ వస్తుంది, కింద మీది కాని ఏదో దేశపు ఐపీ కనిపిస్తుంది.

కనెక్ట్ ఎంతవరకు వచ్చిందో చూపే గీత సగంలో ఆగిపోతే చాలామంది వెంటనే నెట్ కంపెనీని అనుమానిస్తారు. అంతకంటే ముందు గడియారం చూడండి. టార్ రిలేలు చూపించే పత్రాలకు గడువులుంటాయి. మీ కంప్యూటర్ తేదీ తప్పయితే, చెల్లే పత్రం కూడా దానికి చెల్లనిదిగా కనిపిస్తుంది. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ పదేళ్లు వెనక్కి పోతుంది. కొత్త బిళ్ల వేయండి, ఏ వాచీల కొట్లోనైనా దొరుకుతుంది.

దీనికంటే కనిపెట్టడం కష్టమైన తప్పు ఇంకొకటుంది. గోడ గడియారం, కంప్యూటర్ గడియారం ఒకే టైము చూపిస్తుంటాయి, అయినా టార్ కనెక్ట్ కాదు. టైమ్ జోన్ తెరిస్తే అమెరికా పసిఫిక్ అని ఉంటుంది! విండోస్ వేసినవాళ్లు జోన్ మార్చకుండా ముల్లు మాత్రం తిప్పి మన టైముకు తెచ్చారన్నమాట. టార్ చూసేది అంతర్జాతీయ సమయాన్ని. ఆ లెక్కన మీ కంప్యూటర్ పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు తేడాగా నడుస్తోంది. జోన్‌ను చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న 5:30 కు మార్చి, టైము దానంతటదే సరిచేసుకునే స్విచ్ ఆన్ చేయండి. సెట్టింగ్స్‌లో కనెక్షన్ పేజీ అడుగున వ్యూ లాగ్స్ ఉంటుంది. అందులో క్లాక్ అన్న మాట కనిపిస్తే జబ్బు ఇదే.

గడియారం సరిగానే ఉంటే యాంటీవైరస్ వైపు చూడండి. కొన్ని యాంటీవైరస్‌లు టార్ ప్రోగ్రాము ఫైలును చెప్పాపెట్టకుండా క్వారంటైన్‌లో పడేస్తాయి. దాన్ని బయటికి తెచ్చి, టార్ ఫోల్డర్‌ను మినహాయింపుల్లో చేర్చండి. సంతకం చూసుకున్నది ఇక్కడ ధైర్యమిస్తుంది. చూసుకోని ఫైలుకు మినహాయింపు ఇవ్వకండి.

ఈ రెండూ కాదని తేలి, లాగ్‌లో శాతం పదిహేను కూడా దాటకపోతే అప్పుడు నెట్‌వర్కే అడ్డుకుంటోందనుకోవచ్చు. కాలేజీ, ఆఫీసు వైఫైల్లో ఇది మామూలే. సెట్టింగ్స్, కనెక్షన్, బ్రిడ్జెస్‌లోకి వెళ్లండి. బ్రిడ్జి అంటే బహిరంగ జాబితాలో లేని మొదటి మజిలీ. బ్రౌజర్‌తోపాటు వచ్చేవాటిలో ముందు ఓబీఎఫ్ఎస్4 ప్రయత్నించండి. అది మీ ట్రాఫిక్‌ను ఏ ఆకారమూ లేని గజిబిజిలా మారుస్తుంది. అది పారకపోతే స్నోఫ్లేక్. ప్రపంచంలో ఎవరో తమ బ్రౌజర్లో తెరిచి ఉంచిన చిన్న కిటికీ గుండా అది మిమ్మల్ని లోపలికి పంపుతుంది, పైకి వీడియో కాల్‌లా కనిపిస్తుంది. ఆ మనిషి కంప్యూటర్ ఆపేస్తే ఇంకొకరు దొరికేదాకా ఆగి ఆగి నడుస్తుంది. రెండూ కాకపోతే రిక్వెస్ట్ బ్రిడ్జెస్ నొక్కి, బొమ్మలోని అక్షరాలు కొట్టి, కొత్త బ్రిడ్జి తెచ్చుకోండి. మామూలు కనెక్షన్ అందుతుంటే మాత్రం బ్రిడ్జి జోలికి పోవద్దు. నిజంగా దారి మూసిన దేశాలవాళ్లకు అవి కావాలి.

మార్చాల్సింది ఒక్కటే

సెట్టింగులు ఎన్ని తిప్పితే అంత భద్రం అనుకునే అలవాటు మనకుంది. టార్‌లో అది తలకిందులు. టార్ వాడేవాళ్లందరూ సైటుకు ఒకేలా కనిపించాలి, గుంపులో కలిసిపోవడమే ఇక్కడ రక్షణ. ఒక యాడ్-ఆన్ ఎక్కించినా, వేరే ఫాంటు పెట్టినా, తలపాగాల మధ్య టోపీ పెట్టినవాడిలా ఒక్కరే తేలిపోతారు. ప్రకటనలు ఆపే యాడ్-ఆన్ కూడా వద్దు. కిటికీని పెద్దది చేసినప్పుడు చుట్టూ బూడిదరంగు అంచు వస్తే అది తెర పాడవడం కాదు. పేజీ కొలతను అందరికీ ఉండే కొలతల్లో ఒకదానికి కుదించడానికే ఆ అంచు, అలాగే వదిలేయండి. ఎగ్జిట్ ఫలానా దేశంలోనే ఉండాలని కాన్ఫిగ్ ఫైల్లో రాసుకునే చిట్కాలు తిరుగుతుంటాయి. రిలేల ఎంపికను అలా కుదించడమంటే మిమ్మల్ని వెతికేవాడి పని తగ్గించడమే.

మార్చాల్సిన ఆ ఒక్కటి సెక్యూరిటీ లెవెల్. పైన కుడివైపు డాలు గుర్తు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. స్టాండర్డ్‌లో అన్నీ నడుస్తాయి. సేఫర్‌లో హెచ్‌టీటీపీఎస్ లేని సైట్లలో జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాములు) ఆగిపోతుంది, వీడియోలు నొక్కితేనే ఆడతాయి. సేఫెస్ట్‌లో జావాస్క్రిప్ట్ అన్నిచోట్లా బంద్. చదవడానికే వస్తే సేఫర్ పెట్టుకోమని మా సలహా. దినపత్రికల సైట్లు చాలావరకు అందులో బాగానే తెరుచుకుంటాయి. ప్రాణం మీదికి వచ్చే విషయమైతే సేఫెస్ట్, సగం సైట్లు తెల్లకాగితంలా వచ్చినా సరే. లెవెల్ మార్చాక బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి, మార్పు అప్పుడే పూర్తిగా అమలవుతుంది.

చీపురు గుర్తు న్యూ ఐడెంటిటీ. నొక్కితే ట్యాబులన్నీ మూసుకుని, కుకీలు చెరిగి, కొత్తదారితో మళ్లీ తెరుచుకుంటుంది. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య దీన్ని తప్పకుండా నొక్కండి. ఒక్క సైటే మొరాయిస్తుంటే అంత అవసరం లేదు, అడ్రసు ఎడమవైపు సర్క్యూట్ గుర్తు నొక్కి ఆ సైటుకు మాత్రం కొత్త దారి అడగండి. ఎన్నిసార్లు మార్చినా మొదటి రిలే మారడం లేదని కొందరు బెదిరిపోతారు. గార్డ్ నెలల తరబడి ఒకటే ఉండాలని కావాలనే అలా కట్టారు. రోజుకో కొత్త మనిషికి మొదటి కవరు ఇస్తూ పోతే, ఏదో ఒకరోజు చెడ్డవాడి చేతిలో పడక తప్పదు.

అప్‌డేట్ వచ్చిందంటే ఆ రోజే వేయండి. 2013 ఆగస్టులో టార్ వాడకందార్ల అసలు ఐపీలు రాబట్టడానికి ఒక దాడి జరిగింది. అందులో వాడుకున్న ఫైర్‌ఫాక్స్ లోపానికి మరమ్మతు అంతకు నెల ముందే వచ్చేసింది. చిక్కింది పాత వెర్షన్ మీద ఉన్నవాళ్లే.

ఫోనులో

ప్లే స్టోర్‌లో వెతికితే ఉల్లిపాయ బొమ్మలతో బోలెడు కనిపిస్తాయి. కింద డెవలపర్ పేరు ది టార్ ప్రాజెక్ట్ అని ఉన్నదే తీసుకోండి. స్టోర్‌లో దించితే మీ గూగుల్ ఖాతాలో ఆ సంగతి నమోదవుతుంది. అది ఇష్టం లేనివాళ్లు టార్ ప్రాజెక్ట్ సైటు నుంచే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) తెచ్చుకోవచ్చు. ఇప్పటి ఫోన్లు దాదాపు అన్నిటికీ ఏఆర్చ్64 అన్నదే సరిపోతుంది. యాప్ ఎక్కలేదని వస్తే మీది 32 బిట్ ఫోను, ఏఆర్ఎమ్‌వీ7 తీసుకోండి. ఐఫోనుకు టార్ బ్రౌజర్ లేదు. ఆనియన్ బ్రౌజర్ వాడమని టార్ ప్రాజెక్టే చెబుతుంది.

ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. టార్ దారిలో పోయేది ఆ బ్రౌజర్లో తెరిచింది మాత్రమే. వాట్సాప్, యూట్యూబ్ యాప్ ఎప్పటిలాగే మీ సొంత ఐపీతోనే పోతాయి. బ్రౌజర్లో లింకు నొక్కినప్పుడు యాప్‌లో తెరవమంటావా అని అడిగితే వద్దనండి. బ్యాటరీ ఆదా పేరుతో ఫోను వెనకాల టార్‌ను చంపేస్తుంటే, ఆ యాప్‌కు బ్యాటరీ నియంత్రణ తీసేయండి.

తెలుగులో టైపు చేసేవాళ్లకు

తెలుగు అక్షరాలు కొట్టడం కష్టమని మైకు గుర్తు నొక్కి మాట్లాడేవాళ్లు మనలో చాలామంది. ఆ గొంతు కీబోర్డు కంపెనీ సర్వర్‌కు పోయి అక్షరాలై తిరిగి రావచ్చు. ఆ ప్రయాణం టార్‌లో జరగదు, మీ ఐపీతో, మీ ఖాతాతో జరుగుతుంది. మూడు కవర్లు కట్టి, లోపలి మాటను నడివీధిలో అరిచినట్టు. టార్‌లో ఉన్నంతసేపూ మైకు ముట్టకండి. కీబోర్డు సెట్టింగుల్లో మీ పదాలను నేర్చుకుని గుర్తుపెట్టుకునే సౌకర్యం ఆపేయండి. కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే వెబ్‌సైట్లు కాకుండా, విండోస్‌తో వచ్చే తెలుగు కీబోర్డు వాడండి.

పేరు లేకుండా ఫిర్యాదు రాసేవాళ్లకు ఇంకో మాట. "ఇసక తోలతా ఉండారు, ఎవురూ పట్టించుకోవడం ల్యా" అని రాస్తే రాసినవాళ్లు ఏ సీమవాళ్లో చదివినవాళ్లకు చటుక్కున తెలుస్తుంది. ఐపీ జర్మనీదైనా మాట పెన్నా గట్టుది. పత్రికల భాషలో, చిన్న వాక్యాల్లో రాయండి. ఫోటో జతచేస్తే అది ఏ ఫోనుతో, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, ఎన్ని గంటలకు తీసిందో ఫైల్లో ఉండొచ్చు. విండోస్‌లో రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ అడుగున ఆ వివరాలు తీసేసే లింకు ఉంటుంది. తీసేశాక మళ్లీ తెరిచి చూసుకోండి. ఫోటో ఎక్కడినుంచి తీశారో చూసి, మీరు ఎవరి మేడ మీద నిలబడ్డారో చెప్పగలిగేలా ఉంటే ఆ ఫోటో పంపకండి.

టార్‌తో పెట్టుకోకూడని పనులు

బ్యాంకు, ఆధార్, మీ పేరున్న జీమెయిల్ టార్‌లో తెరవకండి. లాగిన్ అయిన క్షణం మీరెవరో చెప్పేసినట్టే. పైగా ఎక్కడో విదేశం నుంచి లాగిన్ వచ్చిందని బ్యాంకు ఖాతాను ఆపేయవచ్చు. టొరెంట్ ప్రోగ్రాములు టార్ పక్కనుంచి మీ అసలు ఐపీ చెప్పేస్తాయి. దించుకున్న వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లను నెట్ ఆపి తెరవండి. లోపల బయటినుంచి తెచ్చుకునే బొమ్మ ఒక్కటున్నా, దాన్ని వర్డ్ టార్ లేకుండా తెచ్చుకుంటుంది.

మీరు టార్‌లో ఏం చేస్తున్నారో నెట్‌వర్క్ యజమానికి తెలియదు గానీ, టార్ వాడుతున్నారని తెలుస్తుంది. 2013లో హార్వర్డ్‌లో పరీక్ష తప్పించుకోవడానికి టార్ గుండా బాంబు బెదిరింపు పంపిన విద్యార్థి అలాగే దొరికాడు. ఆ వేళకు క్యాంపస్ వైఫైలో టార్ వాడినవాళ్లెవరో చూస్తే అతని పేరు కనిపించింది, అడిగితే ఒప్పుకున్నాడు. అతనిది నేరం. కానీ ఆఫీసు అక్రమం బయటపెట్టాలనుకునే నిజాయితీపరుడికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఆ పని ఆఫీసు వైఫైలో చేయకూడదు.

నెట్ సెంటర్లో చేస్తే ఎవరికీ తెలియదనుకోవడమూ పొరపాటే. 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వాళ్లు మీ గుర్తింపు కార్డు వివరాలు రాసుకోవాలి, వాడకం రికార్డులు కనీసం ఏడాది ఉంచాలి. అక్కడి కంప్యూటర్లో కీలాగర్ ఉంటే మీరు కొట్టిన ప్రతి అక్షరాన్నీ అది కవర్లోకి ఎక్కకముందే చదివేస్తుంది. సొంత కంప్యూటర్ మీద నమ్మకం లేనివాళ్లకు టెయిల్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాన్నుంచే కంప్యూటర్‌ను లేపితే, నెట్‌కు పోయే ప్రతిదీ టార్ గుండానే పోతుంది. మామూలుగా ఆపేశాక ఆ కంప్యూటర్ డిస్క్‌లో ఏదీ మిగలదు.

టార్ బ్రౌజర్ తీసేయాలంటే డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌ను, స్టార్ట్ మెనూలో షార్ట్‌కట్ ఉంటే దాన్ని చెరిపి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. అందులోంచి దించుకున్న ఫైళ్లను మీరు వేరేచోట దాచి ఉంటే అవి ఫోల్డర్‌తోపాటు పోవు, డౌన్‌లోడ్స్‌లో విడిగా వెతికి తీసేయండి.